పొడి చెయ్యి

ఏసీ చల్లదనాన్ని తయారు చేస్తుందని జనం అనుకుంటారు. చెయ్యదు. చల్లదనాన్ని ఎవరూ తయారు చెయ్యలేరు. ఒకరి గదిలో ఉన్న వేడిని తోడి బయట పారబోస్తుంది, అంతే. తోడినది ఎక్కడో ఒకచోట పడాలి కదా. ఆ పడేచోట ఎవరున్నారని ఇరవై రెండేళ్ళ పనిలో నన్ను ఒక్కరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

ఆ ఎండాకాలం, అది పడేచోట నా భార్య ఉంది.

మేం ఉన్నది నాలుగంతస్తుల మేడ పైన, డాబా మీద కట్టిన ఒంటిగదిలో. కింద అంతస్తుకి రెండు చొప్పున ఎనిమిది ఇళ్ళు. మేడ నడిమధ్యన కింది నుంచి పైదాకా బావిలాంటి ఖాళీ ఒకటుంది. గాలీ వెలుతురూ రావడానికని వదిలారు. దాన్ని డక్ట్ అంటారు. అందరి వంటిళ్ళ కిటికీలూ అందులోకే తెరుచుకుంటాయి. డాబా మీద దాని నోటికి మూడడుగుల దూరంలో మా గది కిటికీ. మా గదికి ఉన్నదే ఆ ఒక్క కిటికీ.

ఓనరు మొదటి అంతస్తులో ఉంటాడు. మేడ ముందుభాగమంటే ఆయనకి ప్రాణం. రంగురాళ్ళు అతికించి, వీధి చివర నిలబడి చూసుకుంటూ ఉండేవాడు. ఏసీకి బయట పెట్టే డబ్బా, వేడి ఊదేది, దాన్ని మేం అవుట్‌డోర్ అంటాం. "ముందువైపు ఒక్క డబ్బా కనబడినా ఊరుకోను. అన్నీ డక్ట్‌లోకే" అన్నాడు. మేడలో మిషన్లన్నీ నేనే చూసుకోవాలన్న షరతు మీద మాకు పైగది ఇచ్చినవాడు. సరే అన్నాను.

అంతకు ముందు ఏడాది దాకా మా పడమటి పక్క ఖాళీ స్థలం ఉండేది. సాయంత్రం అటు నుంచి గాలి వచ్చేది. ఆ స్థలంలో ఆరంతస్తులు లేచాయి. గాలి ఆగిపోయింది. గాలి ఆగిన ఇళ్ళవాళ్ళు మిషన్లు కొన్నారు. ఆ మిషన్లు ఊదే సెగకి, అప్పటిదాకా కిటికీలు తెరుచుకుని పడుకున్న మిగతావాళ్ళూ కొన్నారు. ఒకరిని చూసి ఒకరు కొన్నారని అంటారు గానీ, నిజానికి ఒకరి వల్ల ఒకరు కొన్నారు. ఎండలు మొదలయ్యేనాటికి మా డక్ట్‌లో ఆరు అవుట్‌డోర్లు ఉండేవి. నెల తిరిగేసరికి పద్నాలుగు. కొత్త ఎనిమిదీ నేనే బిగించాను. బిగించిన ప్రతిరోజూ సంతోషంగా ఇంటికొచ్చాను.

నా భార్య దిండు గలీబులు కుట్టేది. ఒక దుకాణం వాళ్ళు బట్ట ఇస్తారు, వారానికోసారి వచ్చి పట్టుకుపోతారు. తెల్ల బట్ట మీద తెల్ల దారం. వెలుతురు చాలక కుట్టుమిషను కిటికీ దగ్గరే వేసుకుంది. కిటికీ మూస్తే కుట్టు కనబడదు. తెరిస్తే డక్ట్ సెగ మొహం మీదే. ఆ కిటికీ రెక్కలు రోజుకి ఎన్నిసార్లు వేసి తీసేదో.

"ఇదిగో, టీచరమ్మ ఇంటికొచ్చింది" అనేది ఉన్నట్టుండి. టీచరమ్మ ఉండేది మూడో అంతస్తులో.

"నీకెలా తెలుసే?"

"ఆవిడ గాలి వేరయ్యా. మెల్లగా మొదలై అలాగే ఉండిపోతుంది. నాలుగో అంతస్తు వాళ్ళది చూడు, మొగుడి మీద కోపమొచ్చిన దానిలా ఒక్కసారే విసురుతుంది."

"మరి ఓనరుగారిది?"

"ఆయన మిషను ఆగితే కదా ఎలా ఉంటుందో తెలిసేది."

నేను నవ్వేవాణ్ణి. అప్పట్లో నవ్వేవాణ్ణి.

నాకు పని నేర్పిన మేస్త్రి ఒక మాట చెప్పాడు. "గది చల్లబడిందో లేదో మీటరు చెబుతుంది. మనిషి కుదుటపడ్డాడో లేదో చెయ్యి చెబుతుంది. మిషను బిగించి పావుగంట ఆగు. ఇంటాయన ముంజేయి పట్టుకుని చూడు. చెమట ఆరిందా, నీ పని అయినట్టే. పెట్టె సర్దుకో." ఆ మాట నేను ఎప్పుడూ తప్పలేదు. మగవాళ్ళయితే చెయ్యి పట్టుకుని చూస్తాను, ఆడవాళ్ళయితే అడుగుతాను. కస్టమర్లకి అది నచ్చేది. నాడి చూసే వైద్యుడిలా ఉన్నావయ్యా అనేవాళ్ళు. ఇంటికొచ్చి నా భార్య చెయ్యి కూడా అలాగే పట్టుకునేవాణ్ణి. జిడ్డుగా, తడిగా ఉండేది.

"పెళ్ళైన ముప్పై ఏళ్ళకి చెయ్యి పట్టుకోవడం మొదలెట్టావు. అదీ చెమట చూడ్డానికి" అనేది.

మెట్ల గూటి కింద ఒక పాత మిషను పడి ఉంది. ఎవరో కస్టమరు వదిలించుకున్నది. దాన్ని బాగుచేసి మా గదికి పెడతానని ఏడాదిగా చెబుతున్నాను. గదికి వచ్చే వైరు సన్నది, తట్టుకోదు, మార్చమని ఓనరుని అడగాలి. అడగలేదు. సీజన్ అయ్యాక అనేవాణ్ణి. ఎండాకాలం ఏసీ మెకానిక్కి ఊపిరాడదు. ఎండాకాలం పోయాక ఏసీతో పనుండదు. ఆవిడకి ఇది తెలుసు.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత" అనేసి తొక్కుడు అందుకునేది.

* * *

పావురాలు డక్ట్‌లో చేరి అవుట్‌డోర్ల మీద గూళ్ళు పెట్టాయి. రెట్టలతో వాటి సెగ వదిలే కాయిళ్ళు మూసుకుపోతున్నాయి. ఒకరోజు పొద్దున్నే ఓనరు డాబా మీదికొచ్చాడు.

"దీనికో మూత వెయ్యవయ్యా. వానాకాలం జల్లు కూడా పడకుండా ఉంటుంది."

"మూత వేస్తే సెగ ఎటు పోతుందండీ? చుట్టూ అడుగు జాగా వదలాలి."

"చుట్టూ వదిలితే పావురాలు రావూ? ఒక్కవైపు వదులు. దానికి వల కట్టు."

ఏ వైపని చూశాం. ఒక పక్క నీళ్ళ ట్యాంకు. ఇంకో పక్క మెట్ల గోడ. మూడో పక్క ఓనరు భార్య కుండీల్లో పెంచుకునే మొక్కలు, వరసగా ఇరవై. నాలుగో పక్క మా కిటికీ.

"మొక్కలు మాడిపోతాయయ్యా, అమ్మగారు నన్ను బతకనివ్వదు" అని నవ్వాడు. నాలుగో వైపు చూపించలేదు. నా వంక చూశాడు, అంతే. నేను తలూపాను.

ఆ రోజే రేకు తెచ్చి బిగించాను. మూడు వైపులా బిర్రుగా, నాలుగో వైపు అడుగున్నర ఎత్తి. పదహారు స్క్రూలు. నా భార్య కిటికీలోంచి చూస్తూనే ఉంది. చివరి స్క్రూ తిప్పాక అడిగింది.

"మనవైపే వదిలావేం?"

"అటు ట్యాంకు. ఇటు అమ్మగారి మొక్కలు."

"ఓహో. మొక్కలకన్నా మనం గట్టివాళ్ళమన్నమాట."

"కాస్త కిటికీ మూసుకో. సాయంత్రం మిషన్లు తగ్గాక తీద్దువు గానీ."

"సాయంత్రం కుట్టుకి దీపం నువ్వు పడతావా?"

పెట్టె సర్దుకుని పనిలోకి పోయాను.

* * *

నా భార్య తమ్ముడు ఊరి చివర మొక్కలు పెంచి అమ్మే తోటలో పనిచేస్తాడు. అక్కడే పచ్చటి నీడవల కింద రెండు గదుల ఇల్లు. పూటకోసారి నేలంతా తడుపుతారు. రేకు వేసిన పది రోజులకి, ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. గదిలో అడుగు పెట్టి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఇదేంటి బావా, ఇటుకల బట్టీలా ఉంది?"

"ఎండాకాలం. బట్టీలా కాక వెన్నెల్లా ఉంటుందా?"

"మా దగ్గర ఇలా లేదు. ఇక్కడ బస్సు దిగగానే మూతి మీద కొట్టినట్టుంది. అక్కని తీసుకుపోతాను. వానలు పడేదాకా మా ఇంట్లో ఉంటుంది. మా ఆవిడ కూడా మరీమరీ చెప్పింది."

నా భార్య గలీబు మడత పెడుతోంది. మడిచినదాన్నే మళ్ళీ మడిచింది. నేను తలుపు వెనక్కి చూశాను. అక్కడ సంచీ ఉంది. కింద పెడితే నిలబడేంత నిండుగా ఉంది. తమ్ముడు వస్తాడని ఆవిడకి ముందే తెలుసు. నాకు చెప్పలేదు.

నాకు అదే మండింది. వేడి కాదు. వీళ్ళిద్దరూ కూడబలుక్కున్నారని మండింది.

"సీజన్లో నేను పొద్దున పోతే చీకటి పడ్డాక వస్తాను. నాకు ముద్ద ఎవరు పెడతారు?"

"ఒక్క నెల బావా. ఏ హోటల్లోనో..."

"నా ఇంట్లో బతకలేనంత వేడి ఉందా? ఊరందరికీ చల్లగా పెట్టేవాడు పెళ్ళాన్ని మాడుస్తున్నాడని తోటంతా చాటుతావా?"

"నేనేమన్నాను బావా? నీ దగ్గర మీటరుందిగా. పెట్టి చూడు. మా దగ్గరున్నంతే ఉంటే నేనే పోతా."

తప్పించుకోవడానికి లేదు. పెట్టెలోంచి మీటరు తీసి, దాని తీగ కొసని కుట్టుమిషను పక్కన వేలాడదీశాను. అంకెలు నావైపే ఉన్నాయి. ముగ్గురం నిలబడ్డాం. అంకెలు ఎక్కాయి, ఎక్కాయి, ఆగాయి.

"ముప్పై ఎనిమిది" అన్నాను. మీటరు ఆపేశాను.

బావమరిది నావైపు చూశాడు. మీటరు చదవడం అతనికి రాదు. నన్ను నమ్మడం వచ్చు.

"ముప్పై ఎనిమిదంటే... మా దగ్గరా అంతే ఉంటుందేమోలే" అన్నాడు.

నా భార్య అప్పుడు నోరు విప్పింది. "సీజన్ అయ్యాక వస్తాలేరా. మీ బావకి వండి పెట్టేవాళ్ళెవరు?" నా మాటలే. నా గొంతులాగే ఉన్నాయి.

తమ్ముణ్ణి మెట్ల దాకా సాగనంపి వచ్చింది. సంచీలోంచి చీరలు తీసి పెట్టెలో సర్దింది. నాతో దెబ్బలాడి ఉంటే బాగుండేది. దెబ్బలాడలేదు. ఆ రోజు నుంచి కింద ఎవరింట్లో మిషను వేశారో చెప్పడం కూడా మానేసింది.

* * *

ఆ తర్వాత తొమ్మిదో రోజు. ఆకాశం కూడా తెల్లగా పాలిపోయి ఉంది. పొద్దుటి నుంచి ఫోన్లు. ఊళ్ళో మిషన్లన్నీ ఒక్కసారే మొరాయించినట్టున్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటకి ఓనరు ఫోను.

"మా మిషను పది నిమిషాలు తిరిగి ఆగిపోతోందయ్యా. ఇంట్లో కూర్చోలేకపోతున్నాం. తొందరగా రా."

మోటారుని లేపే కెపాసిటర్ పోయి ఉంటుందనుకున్నాను. కొత్తది మా గదిలో ఉంది. దానికోసం ముందు పైకి వెళ్ళాను.

నా భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. కిటికీ తెరిచే ఉంది. కుట్టడం లేదు. చెయ్యి చక్రం మీద ఉంది. ఎదురుగా గలీబు. తీసి చూశాను. నాలుగు వైపులా కుట్టేసింది.

"ఇదేంటే, ఇందులో దిండెలా దూరుతుంది?" నవ్వాను.

ఆవిడ గలీబు వంక చూసింది. నా వంక చూసింది.

"తమ్ముడు కింద ఉన్నాడు. పైకి రమ్మను" అంది.

"తమ్ముడెక్కడే? కల గన్నావా?"

"నేల తడుపుతున్నాడు."

నిద్రమత్తు అనుకున్నాను. రాత్రిళ్ళు సరిగ్గా పడుకోవడం లేదు కదా, కూర్చుని కునికి ఉంటుంది. చెంబుతో నీళ్ళు ఇచ్చాను. రెండు గుక్కలు తాగింది. చెంబు అందుకుంటూ అలవాటుగా ముంజేయి పట్టుకున్నాను.

పొడిగా ఉంది. నెలన్నరలో మొదటిసారి చుక్క చెమట లేదు.

"చెమట ఆరింది. నీకు అలవాటైపోయింది. ఇంక ఫరవాలేదు" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. మనసు తేలికపడింది కూడా. కెపాసిటర్ జేబులో వేసుకుని కిందికి దిగాను.

ఓనరు మిషనుకి కెపాసిటర్ బాగానే ఉంది. అన్నీ బాగానే ఉన్నాయి. వంటింటి కిటికీలోంచి డక్ట్‌లోకి తల పెట్టేసరికి సంగతి తెలిసింది. పద్నాలుగు డబ్బాలు ఒకదాని మొహాన ఒకటి ఊదుతున్నాయి. పైన నా రేకు. సెగ పోయేదారి చాలక లోపలే తిరుగుతోంది. మీటరు పెడితే యాభై రెండు. అంత వేడిగాలిని పీల్చి మిషను పనిచెయ్యలేదు. తనని తాను కాపాడుకోవడానికి ఆగిపోతోంది. మిషనుకి ఆ ఏర్పాటు ఉంది.

ఓనరు ఇంటి కుళాయికి గొట్టం తగిలించి అవుట్‌డోరుని తడిపాను. పైనా కిందా, కాయిలు వెనకా, ముప్పావుగంట. పసిబిడ్డకి నీళ్ళు పోసినట్టు పోశాను. కంప్రెసర్ అందుకుంది. గదిలో చల్లగాలి మొదలైంది. పావుగంట ఆగాను. ఓనరు సోఫాలో జారగిలబడి చెయ్యి చాపాడు. ఆయనకి నా పద్ధతి తెలుసు.

"చూడు చూడు, నాడి చూడు" అన్నాడు.

పట్టుకున్నాను. పొడిగా ఉంది. చల్లగా ఉంది.

"ఏమయ్యా, ఆరిందా?"

నేను చెయ్యి వదల్లేదు.

"ఏంటయ్యా అలా చూస్తావు?"

పైన నేను పట్టుకున్న చెయ్యి చల్లగా లేదు. పొడిగా ఉంది గానీ, పొయ్యి పక్కన పెట్టిన గిన్నెలా కాలింది. నా వేళ్ళకి ఆ సంగతి అప్పుడే తెలుసు. నేను చెమట ఒక్కటే చూశాను. నాకు నేర్పింది అదే.

పెట్టె అక్కడే వదిలేసి మెట్లెక్కాను.

* * *

కుట్టుమిషను కింద, తొక్కుడు మీద తల పెట్టుకుని పడి ఉంది. నాలుగో అంతస్తు ఆయనా నేనూ మోసుకుని దించాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆవిడ ఒళ్ళంతా తడిగుడ్డలు కప్పించి, ఐసు ముక్కలు పెట్టించి, నన్ను పక్కకి పిలిచింది.

"చెమట పట్టడం ఎప్పుడు ఆగింది?"

"మధ్యాహ్నం."

"అలా ఆగిపోతే చాలా ప్రమాదం. ఆ వెంటనే తీసుకురావాల్సింది. అప్పుడు పక్కన ఎవరూ లేరా?"

నేను గోడ వంక చూశాను.

మర్నాడు తెల్లవారుతుండగా పోయింది. మళ్ళీ మాట్లాడలేదు.

ఓనరు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "ఈ ఏడు ఎండలు అలా ఉన్నాయి. మన చేతుల్లో ఏముంది?" అన్నాడు. ఆ రేకు బిగించిన చేతులు నావి. వదలాల్సిన వైపు చూపుతోనే చెప్పినవాడు ఆయన. ఇద్దరిలో ఎవరినీ నేను క్షమించలేదు.

వానలు పడ్డాక బావమరిది వచ్చాడు. అక్క పెట్టెలో ఉన్న వాళ్ళ అమ్మ చీరలు రెండు తీసుకుంటానన్నాడు. పెట్టె తెరిచి ఇచ్చాను. చీరలు ఒళ్ళో పెట్టుకుని కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు కిటికీ వంక చూశాడు. రేకు ఎత్తి ఉన్న వైపు చూశాడు.

"బావా. ఆ రోజు మీటరు ఎంత చూపించింది?"

ముప్పై ఎనిమిదని చెబితే సరిపోయేది. ఒకసారి చెప్పిందే. మళ్ళీ నమ్మేవాడు. నమ్మడానికే అడిగాడనుకుంటాను.

"నలభై నాలుగు" అన్నాను.

అరవలేదు. కొట్టలేదు. చీరలు మడత చెదరకుండా చంకలో పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, "అక్కకి తెలుసా?" అన్నాడు.

అంకెలు నావైపే ఉన్నాయి. కానీ ఆవిడ ముప్పై ఏళ్ళు నా మొహం చదివిన మనిషి. సంచీలోంచి చీరలు తీసేటప్పుడు నా వంక చూడకపోవడం గుర్తొచ్చింది.

"తెలుసు" అన్నాను.

మెట్లు దిగిపోయాడు. మళ్ళీ రాలేదు. రమ్మనే మొహం నాకు లేదు.

ఇది జరిగి మూడేళ్ళు. గది మారలేదు. అమ్మగారి కుండీలు ఇరవై ఆరయ్యాయి. డక్ట్‌లో అవుట్‌డోర్లు పదహారు. ఆ రెండూ నేనే బిగించాను. రేకుని తిప్పి బిగించడం పూటపని. స్క్రూ డ్రైవరు పెట్టెలోనే ఉంది. తిప్పలేదు.

కస్టమర్ల చెయ్యి పట్టుకోవడం మానేశాను. మీటరు అంకె వాళ్ళవైపు తిప్పి చూపించి వచ్చేస్తాను. పని లేని మధ్యాహ్నం ఇంటికొచ్చి, కిటికీ రెక్కలు తెరిచి, కుట్టుమిషను ముందు స్టూలు మీద కూర్చుంటాను. నాలుగు వైపులా కుట్టిన గలీబు అక్కడే ఉంది. కుట్టు విప్పలేదు. సెగ మొహానికి కొడుతుంది. మొదట్లో అంతా ఒకటే వేడి అనిపించేది. కూర్చోగా కూర్చోగా తేడా తెలిసింది. నాలుగో అంతస్తుది విసురు. ఓనరుది ఆగదు.

ఇప్పుడొకటి మెల్లగా మొదలై, అలాగే ఉండిపోయింది.

టీచరమ్మ ఇంటికొచ్చింది.